ఆ పెట్టెను బీరువాలో పెట్టనివ్వకండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్‌లో సంచి, బూట్లు, బెల్టు, యూనిఫాం, పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, నిఘంటువు ఇస్తున్నారు. చదవడానికీ రాయడానికీ లోటు లేదు. బొమ్మ గీయడానికి, కత్తిరించి అతికించడానికి కావలసినవే ఆ జాబితాలో లేవు. కూలి పనులకెళ్లేవారి పిల్లలకు అవి బడిలో దొరక్కపోతే ఇంకెక్కడా దొరకవు. 1 నుంచి 5 వరకు తరగతికొక చేతిపని పెట్టె ఇవ్వమని కోరుతున్నాం.

పిల్లకొక 12 రంగుల డబ్బా ఇస్తే నలుపు, ఎరుపు ముందే అరిగిపోతాయి. తెలుపు అలాగే మిగులుతుంది. (తెల్ల కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో ఏం గీయాలో టెండరు రాసేవారే చెప్పాలి.) రంగుల వారీగా విడిగా కొంటే 30 మందికి నలుపు 40, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, గోధుమ 25 చొప్పున చాలు. సన్నవి వద్దు. ఒకటో తరగతి పిల్లలు పిడికిలితో పట్టుకుని నొక్కుతారు, 8 మిల్లీమీటర్లది పుటుక్కున విరుగుతుంది. 11 మిల్లీమీటర్ల మందంతో, దొర్లిపోకుండా మూడు పలకలుగా ఉన్నవి కావాలి. మైనపు రంగులను మే నెలలో రేకుల గోదాములో ఉంచితే మెత్తబడి అతుక్కుపోతాయి కాబట్టి వానలు పడ్డాకే పంపాలి. ఆటబొమ్మల భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 9873 మూడో భాగం ప్రకారం సీసం వంటి లోహాల పరీక్ష నివేదికను టెండరులోనే అడగాలి.

కత్తెరలు పది: మొన గుండ్రం, అంచు స్టీలు. ప్లాస్టిక్ అంచువి కాగితాన్ని కోయవు, మడతపెడతాయి. ఎడమచేతి పిల్లలకు మామూలు కత్తెరా అదే పని చేస్తుంది, పైగా కోయాల్సిన గీత కనబడదు; పదిలో రెండు ఎడమచేతివి ఉండాలి. జిగురు చిన్న సీసాల్లో వద్దు, మూతి గడ్డకడుతుంది. అరకిలో డబ్బా ఇస్తే మూతల్లో పోసి పంచుకుంటారు. గీతల్లేని ఎ4 కాగితాలు 500.

మేం పట్టుబట్టేది పుల్లలూ వాల్వు ట్యూబూ. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయించి సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మందు అంటించని అగ్గిపుల్లలు వెయ్యి, సైకిల్ షాపుల్లో దొరికే సన్నని రబ్బరు వాల్వు ట్యూబు 10 మీటర్లు. సెంటీమీటరున్నర చొప్పున కోస్తే 650కి పైగా ముక్కలొస్తాయి. ముక్కకు రెండు వైపులా పుల్లలు దూరిస్తే మడత తిరిగే కీలు. మధ్యలో తుమ్మముల్లుతో రంధ్రం చేస్తే మూడో పుల్లా పడుతుంది. నాలుగు పుల్లల చతురస్రం నొక్కితే పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. కరెంటు టవర్లలో అన్ని త్రిభుజాలెందుకో పిల్లలే కనిపెడతారు. పాత నిల్వ కొనకండి, ఎండిన రబ్బరు చీలిపోతుంది.

పెట్టెలో తయారైన బొమ్మ ఫొటో మాత్రం పెట్టవద్దు. పెడితే ముప్పై మందీ అదే చేస్తారు. కీలు ఎలా వేయాలో చూపే ఒక పేజీ చాలు.

ఇవన్నీ ఇచ్చినా పెట్టె తాళంలోనే ఉండిపోవచ్చు. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన వస్తువు తగ్గితే ప్రధానోపాధ్యాయులే సంజాయిషీ ఇవ్వాలి, అందుకే కొత్త సామగ్రి బీరువా దాటదు. జీవోలో ఇలా రాయించండి: "కత్తెరలు మినహా మిగిలినవన్నీ వాడగా ఖర్చయ్యే సామగ్రి, మిగులు లెక్క చూపనవసరం లేదు." తనిఖీకొచ్చే ఎంఈఓ కూడా ఎంత మిగిలిందని కాక, ఎంత అయిపోయిందని అడగాలి. దసరా సెలవుల తర్వాత రెండో విడతగా నలుపు, ఎరుపు రంగులు, కాగితం, జిగురు పంపితే ఏడాది గడుస్తుంది.

ఇట్లు,
కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, చేతిపని శిక్షకులు