14 రోజుల మాత్రలు

తండయార్‌పేట, చెన్నై
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావేమో. మా చిన్నాడికి మళ్ళీ మలేరియా వచ్చిందిరా. కంగారుపడకు, ఇప్పుడు బాగున్నాడు. పొద్దున్నే ఇడ్లీలు తిని వీధిలో క్రికెట్‌కి పోయాడు.

మొదటిసారి రక్తపరీక్షలో వైవాక్స్ రకం మలేరియా అని తేలింది. క్లోరోక్విన్ 3 రోజులు వేశాం, జ్వరం దిగింది. ప్రైమాక్విన్ మాత్రం 14 రోజులు వేయమన్నారు. నాలుగు రోజులు వేసి మానేశాం. "జ్వరమే లేదుగా, పసివాడికి ఇన్ని మందులెందుకురా" అంది అమ్మ, నేనూ ఊరుకున్నాను. ఆ మాత్ర దేనికో మాకెవరూ చెప్పలేదు. రెండు నెలలకి మళ్ళీ అదే చలి. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతుంటే వాణ్ణి పట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి నేను మర్చిపోలేను.

ఈసారి ఉన్న నర్సమ్మ తెలుగావిడే. నాతో కాదు, అమ్మతో మాట్లాడింది. "పెద్దమ్మా, చేలో తుంగ పైపైన కోస్తే పోతుందా? 3 రోజుల మందు నెత్తుట్లో ఉన్నదాన్నే చంపుతుంది. కాలేయంలో తుంగ గడ్డలా దాక్కున్నది ఎప్పుడో మళ్ళీ మొలుస్తుంది. దాన్ని తవ్వడానికే ఈ 14 రోజులు" అంది. నెల్లూరు చేలల్లో తుంగ పీకిన మనిషి కదా, అమ్మకి ఠక్కున అర్థమైంది. క్యాలెండర్ మీద రోజూ గీత గీసి, అన్నం తిన్నాకే మాత్ర వేయించింది. ఆ మందు కొందరికి పడదు, అందుకే పడుతుందో లేదో తెలియడానికి ముందు జీ సిక్స్ పీడీ అనే రక్తపరీక్ష చేశారు. గర్భిణులకైతే ఇవ్వరు.

ఇన్నాళ్ళూ ఈ దోమలకి నేను బకింగ్‌హామ్ కాలువని తిట్టాను. తీరా చూస్తే మా మిద్దె మీద ట్యాంకు మూత పగిలి ఉంది! ఈ ఊళ్ళో మలేరియా మోసే దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుందట. ట్యాంకు నీళ్ళు గ్లాసుతో ముంచి చూస్తే, దోమ పిల్ల పురుగులు నీటి మీద అడ్డంగా తేలుతున్నాయి. పక్కింటివాళ్ళకి నోటితో చెబితే విననిది, ఆ గ్లాసు చూసి అదే సాయంత్రం వాళ్ళ ట్యాంకుకి మూత కట్టారు.

నీ తమ్ముడు ఇక్కడ సైటులో మేస్త్రీ కదా. కూలి పోతుందని అక్కడివాళ్ళు జ్వరానికి ఏదో మాత్ర మింగి పనిలోకి దిగుతారు. చలిజ్వరం వస్తే ఆ రోజే రక్తం చూపించుకోమని, కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో డబ్బు తీసుకోరని వాడికి ఫోన్ చేసి చెప్పు. అన్న మాటైతే వింటాడు. తుంగ సంగతి మర్చిపోకుండా చెప్పమంటోంది అమ్మ.

నీ
రమణ