డెస్క్‌టాప్ కూలితే ఫార్మాటే మందా?

సంపాదకులకు,

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత కంప్యూటర్లను పారేయలేక లినక్స్‌కు మారినవారు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉన్నారు. మారడం వరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ప్యానెల్ మాయమైనా, లాగిన్ కాగానే తెర నల్లబడినా వారికి దొరుకుతున్న సలహా ఒక్కటే: ‘ఫార్మాట్ కొట్టేయండి’. ఇది విండోస్ రోజుల అలవాటు. లినక్స్‌లో డెస్క్‌టాప్ కూడా కొన్ని ప్యాకేజీల (విడివిడిగా పెట్టుకుని, తీసేయగల సాఫ్ట్‌వేర్ మూటల) సముదాయమే. చెడింది ఏదో పట్టుకుంటే దాన్నొక్కటే బాగుచేసుకోవచ్చు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12లోని కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ 5.27 నుంచి డెబియన్ 13లోని 6.3కు వెళ్లడాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు తప్పు సెట్టింగులదా, ప్యాకేజీలదా అన్నది తేల్చాలి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అందులో లాగిన్ అయి కొత్త యూజర్‌ను సృష్టించి, ఆ పేరుతో డెస్క్‌టాప్ తెరిచి చూడాలి. అక్కడ కూలకపోతే దోషం పాత యూజర్ సెట్టింగులది. చాలాసార్లు అసలు దొంగ బయటి నుంచి దించుకున్న విడ్జెట్టే (డెస్క్‌టాప్ మీద పెట్టుకునే చిన్న ప్రోగ్రాం). ప్లాస్మా 5 కోసం రాసిన విడ్జెట్లను 6కు తగ్గట్టు మార్చి రాస్తే తప్ప నడవవు కాబట్టి అప్‌గ్రేడ్‌కు ముందే వాటిని తీసేయాలి. కొత్త యూజర్‌కూ కూలితే అప్పుడు ప్యాకేజీల వైపు చూడాలి.

ఇక్కడే అసలు చిక్కు. ఏదో ఒక ప్రోగ్రాం కొత్త వెర్షన్ కావాలని డెబియన్ 12లో టెస్టింగ్ రెపోనో (ఇంకా పరీక్షలో ఉన్న ప్యాకేజీల భాండారం), ఉబుంటు పీపీఏనో (ఉబుంటు కోసం బయటివారు పెట్టే రెపో) కలిపేస్తుంటారు. కేడీఈ ప్రోగ్రాములన్నీ ఆధారపడే లైబ్రరీ (ఉమ్మడి కోడ్) క్యూటీ. డెబియన్ 12లో ఉన్నది దాని 5.15.8 వెర్షన్. కిటికీలను నడిపే కేవిన్ లాంటివి క్యూటీ అంతర్గత భాగాలను కూడా వాడుకుంటాయి. అందుకే వాటికి దగ్గర్లో ఉన్న వెర్షన్ చాలదు, సరిగ్గా అదే క్యూటీ ఉండాలి. బయటి రెపో నుంచి క్యూటీ ఒక్క మెట్టు పైకి జరిగినా ప్యాకేజీలను పెట్టి, తీసే ఆప్ట్ అనే ప్రోగ్రాం ముందు రెండే దారులు: కొత్తదాన్ని ఆపడం, లేదా కేవిన్‌ను తీసేయడం. ఆ సంగతి అది తెరమీద చెబుతుంది కూడా. తీసేయబోయే ప్యాకేజీల జాబితా ముందు చూపించి మరీ అడుగుతుంది. చదవకుండా ‘వై’ నొక్కేది మనమే. 2021లో పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే గేముల ప్రోగ్రాం పెట్టుకోబోతే డెస్క్‌టాపే ఎగిరిపోయిన ఉదంతం ఇలాంటిదే.

ఏ ప్యాకేజీ ఏ రెపో నుంచి వచ్చిందో ‘ఆప్ట్ పాలసీ’ చూపిస్తుంది. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ అంటే కదలకుండా కట్టేసి ఉంచినవి బయటపడతాయి. ఉబుంటులో అయితే పీపీఏను తీసేసి దాని ప్యాకేజీలను అసలు వెర్షన్‌కు దించడానికి ‘పీపీఏ-పర్జ్’ ఉంది. రెపో లైను మాత్రం చెరిపేసి ఊరుకుంటే కొత్త లైబ్రరీలు అలాగే ఉండిపోతాయి.

ఇక అప్‌గ్రేడ్. హోమ్ ఫోల్డర్‌ను మరో డిస్కులోకి కాపీ చేసుకుని, డెబియన్ 12ను పూర్తిగా అప్‌డేట్ చేసి, బయటి రెపోలన్నీ ఆపేయాలి. కంప్యూటర్‌ను మొదలుపెట్టే ఫైళ్లుండే బూట్‌కు విడి పార్టిషన్ (డిస్కులో వేరు భాగం) ఉంటే అది కనీసం 768 ఎంబీ ఉండి, అందులో 300 ఎంబీ దాకా ఖాళీ ఉండాలి. డెబియన్ 10 నాటి ఇన్‌స్టలేషన్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. రెపోల జాబితా ఉండే సోర్సుల్లో బుక్‌వార్మ్ (డెబియన్ 12 పేరు) అన్నచోటల్లా ట్రిక్సీ (13 పేరు) అని మార్చి, ‘ఆప్ట్ అప్‌డేట్’ చేసి, కొత్త ప్యాకేజీలు వద్దనే ఎంపికతో ముందు ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’, ఆ తర్వాతే ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ నడపాలి. మొదటిది దేన్నీ తీసేయదు, రెండోది అవసరమైతే తీసేస్తుంది. ఇదంతా అక్షరాల తెర మీదే చేయాలి. డెస్క్‌టాప్‌లోని టెర్మినల్ నుంచి చేస్తే, మధ్యలో ఆ డెస్క్‌టాపే కూలి పని సగంలో ఆగిపోవచ్చు. అలా ఆగితే ‘డీప్యాకేజీ’కి కాన్ఫిగర్ మైనస్ ఏ (dpkg --configure -a) ఇచ్చి, ఆ వెంటనే ‘ఆప్ట్’కు ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ ఇస్తే సాధారణంగా దారిలో పడుతుంది.

చివర్లో ఇక అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ‘ఆటోరిమూవ్’ చేసేటప్పుడూ జాబితా చదవాలి. ‘కేడీఈ-ప్లాస్మా-డెస్క్‌టాప్’ అనే ప్యాకేజీ ఉందో లేదో ముందే చూసుకుని, లేకపోతే మళ్లీ పెట్టుకోవాలి. ఏది ఎప్పుడు పోయిందో ఆప్ట్ హిస్టరీ లాగ్‌లో తేదీతో సహా ఉంటుంది.

తెలుగు టైపు చేసేవారికి ఒక మాట. ప్లాస్మా 6 వేలాండ్‌తో (తెరనూ కీబోర్డునూ నడిపే కొత్త పద్ధతి) మొదలవుతుంది. అందులో తెలుగు కీబోర్డు ఆగిపోయిందని కంగారు పడనక్కర్లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డ్ పేజీలో ఫ్సిటిక్స్ 5 (Fcitx 5) అనే టైపింగ్ ప్రోగ్రాంను ఎంచుకుంటే సరి.

ఫార్మాట్ తప్పని సందర్భం ఒకటుంది. డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) లేదు, ఇన్‌స్టాలరూ లేదు. వాటిని 13కు అప్‌గ్రేడ్ చేయకూడదు. అయితే పాత కంప్యూటర్లలో చాలావాటి ప్రాసెసర్ 64 బిట్‌దే, వేసిన సిస్టమే 32 బిట్‌ది. ‘ఎల్ఎస్‌సీపీయూ’ కమాండ్ చూపే రెండు మూడు వరుసల్లోనే ఆ సంగతి తెలిసిపోతుంది. అలాంటివాటిలో మాత్రం ఫైళ్లు దాచుకుని 64 బిట్ డెబియన్‌ను కొత్తగా వేసుకోవాల్సిందే.

ఇట్లు,
లినక్స్ సిస్టమ్స్ నిర్వాహకుడు, విజయవాడ