సేఫ్ పీరియడ్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

సంపాదకులకు నమస్కారం.

'నెలసరికి ముందు వారం, తర్వాత వారం భయం లేదు' అన్న మాట నమ్మి, వద్దనుకున్న గర్భంతో ఇబ్బంది పడేవారు ఎందరో. ఇందులో ముఖ్యంగా దెబ్బతీసేది తర్వాతి వారమే. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. అంటే 24 రోజులకే నెలసరి వచ్చేవారికి 10వ రోజుకే విడుదల కావచ్చు. అండం ఒక రోజుకు మించి నిలవదు కానీ, వీర్యకణాలు 5 రోజుల దాకా బతుకుతాయి. కాబట్టి 5వ రోజు కలిసినా గర్భం రావచ్చు.

క్యాలెండర్ లెక్క వేయాలంటే కనీసం 6 నెలసరుల తేదీలు రాసిపెట్టుకోవాలి. రక్తస్రావం మొదలైన రోజే ఒకటో రోజు. చాలామంది ఆగిన రోజు నుంచి లెక్కిస్తారు, అది తప్పు. అన్నిటికన్నా తక్కువ వ్యవధిలోంచి 18, ఎక్కువ వ్యవధిలోంచి 11 తీసేయాలి. అవి 26, 31 అయితే 8 నుంచి 20వ రోజు వరకు దూరంగా ఉండాలి.

ఇంతకన్నా నమ్మదగినది యోని నుంచి వచ్చే జిగురు స్రావాన్ని, ఒంటి వేడిని కలిపి చూసే పద్ధతి. తెల్లవారి లేవకముందే, రోజూ ఒకే వేళకు, రెండు దశాంశాలు చూపే థర్మామీటర్‌తో కొలవాలి. అంతకుముందు 6 రోజులకన్నా ఎక్కువ వేడి వరుసగా 3 రోజులు ఉండాలి. మూడో రోజుకు ఆ తేడా కనీసం 0.2 డిగ్రీల సెల్సియస్ కావాలి. గుడ్డు తెల్లసొనలా సాగే జిగురు కనిపించిన చివరి రోజు తర్వాత కూడా 3 రోజులు గడవాలి. ఈ రెండింటిలో ఏది ఆలస్యంగా పూర్తయితే, ఆ తర్వాతి నుంచే భయం లేని రోజులుగా లెక్కించాలి. జ్వరం, నిద్రలేమి, మద్యం వేడి లెక్కను చెడగొడతాయి. ఇన్‌ఫెక్షన్, యోనిలో వాడే మందులు జిగురును గుర్తుపట్టనివ్వవు.

తూచా తప్పకుండా పాటిస్తే ఈ జంట పద్ధతిలో ఏడాదికి నూటికి ఒక్కరికన్నా తక్కువ మందే గర్భం దాలుస్తారు. జిగురు ఒక్కటే చూస్తే ముగ్గురు. అదే పద్ధతిని అందరూ మామూలుగా పాటించే తీరులో 23 మంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఆరోగ్య వ్యాసాల్లో 'సహజ పద్ధతులు' అని ఒకే గాటన కట్టడం సరికాదు. ఏ పద్ధతికి ఎంత ఫలితమో విడివిడిగా ప్రచురించాలని కోరుతున్నాం.

కాన్పు తర్వాత, గర్భనిరోధక మాత్రలు ఆపిన కొత్తలో, నెలసరి ఆగే వయసులో ఈ లెక్కలు కుదరడం కష్టం. గర్భం వస్తే ప్రాణానికే ముప్పున్నవారు వీటి మీద ఆధారపడకూడదు; కాపర్-టి వంటివి డాక్టర్‌ను అడగాలి. అత్యవసర మాత్ర వేసుకుంటే అండం విడుదల వెనక్కి జరగవచ్చు, కాబట్టి ఆ నెల పాత లెక్క పనికిరాదు. మళ్లీ నెలసరి వచ్చేదాకా కండోమ్ వాడాలి.

ఇట్లు,
కుటుంబ నియంత్రణ సలహాదారులు