పుట్టినరోజు వంటల పక్కన పిల్లల వయసు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, పిల్లల పుట్టినరోజును ఇంట్లోనే ఒక థీమ్ పెట్టుకుని జరుపుకోవడం గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తినుబండారాలు బయట కొనకుండా ఇంట్లో చేసుకోమన్న మాట చాలా నచ్చింది. కాని మూడేళ్ల పిల్లల కోసం అని రాసి, దాని కింద వేసిన ఫొటో చూశాక మనసు కుదుటపడలేదు. పదునైన పుల్లకు వరసగా గుచ్చిన గుండ్రటి ద్రాక్షపళ్లు, పక్కన గిన్నె నిండా పాప్‌కార్న్, కేకు మీద దట్టంగా చల్లిన మెరుపుల పొడి. ఏ ఒక్కదాని దగ్గరా హెచ్చరికగా ఒక్క ముక్క లేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. చీటీ అంటించని సీసాను బల్ల మీద పెట్టనివ్వని చోట బతికినవాడిని. వయసు వేయని పిల్లల వంటకం నాకు చీటీ లేని సీసాలాగే కనిపిస్తుంది. ఈమధ్యే మా మనవరాలి నాలుగో పుట్టినరోజుకు వంటా, ఏర్పాట్లూ చాలావరకు నేనే చూసుకున్నాను కనుక, చేతులతో చేసి చూసిన సంగతులే రాస్తున్నాను.

ముందు ద్రాక్ష సంగతి. అది గుండ్రంగా, మెత్తగా, జారుడుగా ఉంటుంది. చిన్నపిల్ల గొంతులోకి నమలకుండా జారితే శ్వాసమార్గానికి బిరడాలా బిగుసుకుంటుంది. అడ్డంగా రెండు ముక్కలు చేస్తే లాభం లేదు, గుండ్రటి అంచు అలాగే ఉండిపోతుంది. నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. పాప్‌కార్న్, గట్టి మిఠాయి బిళ్లలు, పలుకులుగా ఉన్న వేరుశనగ, బాదం వంటివి నాలుగేళ్లు నిండని పిల్లలకు పెట్టవద్దని పిల్లల వైద్యులు చెబుతారు. నమిలి నలగ్గొట్టడం ఆ వయసుకు ఇంకా సరిగా రాదు. పైగా పుట్టినరోజునాడు పిల్లలు కూర్చుని తినరు. నోట్లో ముక్క పెట్టుకుని పరుగెత్తుతారు, నవ్వుతారు, అరుస్తారు. అందుకే మా ఇంట్లో పెట్టుకున్న మొదటి నియమం, తినేది కూర్చునే తినాలి. చాప పరిచి, పిల్లలందరూ దాని మీద కూర్చున్నాకే పళ్లేలు బయటికి తెచ్చాం.

ఇక థీమ్. మా అమ్మాయి ఫోనులో రాకుమారి కోటలు, అడవి జంతువులు, రాకెట్లు చూపించి "ఏది కావాలి తల్లీ?" అని అడిగింది. మనవరాలు అన్నిటికీ అడ్డంగా తల ఊపి "నత్త" అంది. అంతకుముందు పది పదిహేను రోజులుగా అది పెరటి గోడ మొదట్లో తడిగా ఉన్న చోట గొంతుకు కూర్చుని నత్తల్నే చూస్తోంది. "తాతయ్యా, దీని కళ్లు కొమ్ముల మీద ఉన్నాయి" అని నన్ను పిలిచి చూపించింది కూడా. నిజమే, పొడుగు కొమ్ములు రెండింటి చివరా ఉండేవి కళ్లే. వేలితో తాకబోతే లోపలికి ముడుచుకుపోతాయి. పిల్ల అప్పటికే దేన్ని కళ్లార్పకుండా చూస్తోందో అదే థీమ్ కావాలని నా గట్టి అభిప్రాయం. అప్పుడు అలంకరణకు కొనవలసింది దాదాపు ఏమీ ఉండదు, పెద్దవాళ్లు ఊహించుకోవలసిందీ తక్కువే. నత్త అంటే ఒక చుట్ట. కాగితం చుట్ట, పిండి చుట్ట, ముగ్గుపిండితో నేల మీద చుట్ట. మా పని సగం అక్కడే అయిపోయింది.

వేడుకలో నిజం నత్తలు కూడా ఉండాలని మనవరాలు పట్టుబట్టింది. అది మాత్రం కుదరదన్నాను. నత్తల మీద రోగక్రిములు, పరాన్నజీవులు ఉండవచ్చు. వాటిని ముట్టుకున్న చేతులతో పిల్లలు బిస్కెట్లు తీసుకుంటారు. ముందురోజు సాయంత్రం దాన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి, కావలసినంతసేపు చూడనిచ్చి, చేతులు సబ్బుతో కడిగించి లోపలికి తెచ్చాను. దాంతో ఊరుకుంది.

ఎంతమందిని పిలవాలి? పిల్ల వయసుకు ఒకటి కలిపి అంతమందిని పిలిస్తే చాలని చాలామంది అంటారు. అది మంచి లెక్క. మేం ఐదుగురు స్నేహితుల్ని, బంధువుల పిల్లలు ఇద్దరిని పిలిచాం. ఆ ఇద్దరిలో ఒకరికి రెండేళ్లు, ఒకరికి మూడు. కాబట్టి మెనూ మొత్తం రెండేళ్ల పిల్లకు సరిపోయేలా వేసుకున్నాం. ఉదయం పదిన్నరకు మొదలుపెట్టి పన్నెండుకు ముగించాం, మధ్యాహ్నం నిద్రవేళకు ఎవరి ఇంటికి వాళ్లు చేరేలా. తీపి తింటే పిల్లలు అదుపు తప్పుతారని మీ వ్యాసంలో ఉంది. ఆ మాటకు ఆధారం లేదు. 23 పరిశీలనలను కలిపి చూసి 1995లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన విశ్లేషణలో, పంచదార వల్ల పిల్లల ప్రవర్తన మారినట్టు తేలలేదు. తీపి తగ్గించడానికి దంతాలూ ఆరోగ్యమూ వంటి వేరే కారణాలు చాలా ఉన్నాయి. పిల్లలు గోల చేసేది గుంపు వల్ల, అలసట వల్ల, నిద్ర తప్పడం వల్ల.

వంటకు సరుకులు తీసే ముందు ఏడుగురి తల్లిదండ్రులకూ ఫోను చేసి, పిల్లకు ఏది పడదో అడిగి కాగితం మీద రాసుకున్నాను. ఒక బాబుకు గుడ్డు పడదు, ఒక పాపకు వేరుశనగ పడదు. అడగకపోతే ఎవరూ ముందుగా చెప్పరు, మొహమాటపడతారు. వేరుశనగ పడని పిల్లకు అది తగిలిన కత్తి చాలు, ఒళ్లంతా దద్దుర్లు లేవడానికి, ఇంకా పెద్ద ప్రమాదానికి కూడా. ఆ రెండు రోజులూ వంటింట్లో వేరుశనగ డబ్బా తెరవలేదు. పలకలు, గరిటెలు తుడిచి ఊరుకోకుండా సబ్బుతో కడిగాం. ఆ బాబుకు ఒక్కడికే వేరే పళ్లెం పెట్టడం ఇష్టంలేక అన్నీ గుడ్డు లేకుండానే చేశాం.

అన్నిటిలోకీ పిల్లలకు నచ్చినవి చుట్ట బిస్కెట్లు. వాటి గురించి కొంచెం వివరంగా రాయాలి. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 80 గ్రాముల పంచదార పొడి, తడికి రెండు మూడు చెంచాల పాలు. ముద్ద కట్టగానే ఆపేయాలి, ఎక్కువ పిసికితే బిస్కెట్టు గట్టిపడుతుంది. ముద్దను రెండు భాగాలు చేసి ఒకదాంట్లో రెండు చెంచాల కోకో పొడి, అది పీల్చుకునే తడికి ఇంకో చెంచా పాలు కలిపాను. రెండింటినీ విడివిడిగా పలచగా ఒత్తి, తెల్లదాని మీద నల్లదాన్ని పరిచాను. చుట్టే పని మనవరాలిది. నాలుగేళ్ల వేళ్లు పిండిని ముందు గిల్లుతాయి, తర్వాత నొక్కుతాయి, ఆ తర్వాతే చుడతాయి. అంచు దగ్గర మొదటి మడత వేయడానికి నా చూపుడువేలు పట్టుకుంది. రెండో మడత నుంచి నా చెయ్యి తోసేసింది. చుట్ట ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా వచ్చింది. దాన్ని నేను సరిచేయలేదు. కాగితంలో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాం. ఈ గంట తప్పించుకోకూడదు. వెన్న గట్టిపడకుండా కోస్తే కత్తి కింద చుట్ట నలిగి గీతలు కలిసిపోతాయి, ఓవెన్‌లో కూడా బిస్కెట్టు పరుచుకుపోతుంది. అర సెంటీమీటరు మందాన నేను కోస్తుంటే ఒక్కో బిళ్ల మీదా నల్ల చుట్ట బయటపడింది. మనవరాలు ఊపిరి బిగబట్టి చూసి, ప్రతి బిళ్లకూ "ఇంకొకటి వచ్చింది" అని చెప్పింది. ముప్పై దాకా వచ్చాయి, లావువీ సన్నవీ కలిపి. 175 డిగ్రీల వేడిలో పన్నెండు, పదమూడు నిమిషాలు. కింది అంచు లేత గోధుమరంగుకు తిరగగానే తీసేశాం.

కేకును గుడ్డు బదులు వంటసోడా, వెనిగర్‌తో పొంగించాం. రెండూ కలిసిన క్షణం నుంచే వాయువు పుట్టి బయటికి పోతుంటుంది కాబట్టి, ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, పిండి కలపగానే లోపలికి వెళ్లిపోవాలి. మొదటి ప్రయత్నంలో పిల్లకు ఇష్టమని పిండిలో బీట్‌రూట్ రసం పోశాను. గిన్నెలో గులాబీ రంగు, ఓవెన్ నుంచి తీసేసరికి మట్టి రంగు. బీట్‌రూట్ రంగు వేడికీ, సోడా క్షారానికీ నిలవదు. ఆ రసాన్నే నాలుగు నిమ్మచుక్కలతో చల్లటి వెన్న ఐసింగులో కలిపితే చక్కటి గులాబీ రంగు నిలిచింది. గుండ్రటి కేకు నత్త గుల్ల, కోలగా కాల్చిన రెండో కేకు దాని ఒళ్లు. కొమ్ములకు బిస్కెట్టు పిండితోనే సన్నని పుల్లలు కాల్చి, చివర కోకో ఐసింగు చుక్కలు పెట్టాం. ప్లాస్టిక్ కళ్లు, పూసలు వద్దనుకున్నాం. కేకు మీద ఉన్నది ఏదైనా తినేదే అని పిల్లలు నమ్ముతారు, నమ్మనివ్వాలి కూడా.

మెరుపుల పొడి గురించి ఇక్కడే చెప్పాలి. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలు వాంతులతో జబ్బుపడ్డారు. కేకు మీద దట్టంగా పూసిన మెరుపుల పొడిలో రాగి విపరీతంగా ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఇటువంటి డబ్బాల మీద "విషపూరితం కాదు" అని రాసి ఉండవచ్చు. ఆ మాటకు "తినదగినది" అని అర్థం కాదు. తినదగిన పొడి అయితే దానిలో కలిపిన పదార్థాల జాబితా డబ్బా మీద ఉంటుంది. జాబితా లేని డబ్బాను వంటింట్లోకి రానివ్వకండి.

కొవ్వొత్తులు ఊదడం పిల్లలకు చాలా ఇష్టం, దాన్ని తీసేయాలని నాకు లేదు. 2017లో అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూస్తే, ఊదిన ఐసింగు మీద ఊదనిదానికన్నా సూక్ష్మజీవులు సగటున 1400 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్నవారికి దీనివల్ల పెద్ద ముప్పు లేదు. కాని ఏడుగురూ ఏడుసార్లు ఊదుతామంటారు. మేం చిన్న గిన్నెలో విడిగా ఒక బుల్లి కేకు కాల్చి, కొవ్వొత్తి దానికే గుచ్చాం. ఊదింది మనవరాలు, తిన్నదీ తనే. పాట పాడే కొవ్వొత్తి ఒకరు తెచ్చారు. దాన్ని మర్యాదగా తీసుకుని, ఎత్తైన అలమరలో పెట్టి తాళం వేశాను. దానిలో బొత్తాంలాంటి బ్యాటరీ ఉంటుంది. పిల్ల మింగితే అది అన్నవాహికలో అతుక్కుని, అక్కడి తడిలో విద్యుత్తు పారి, చుట్టూ ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే అన్నవాహిక గోడను కాల్చేస్తుంది.

బెలూన్ల బదులు కాగితపు చుట్టలు వేలాడదీశాం. గుండ్రంగా కోసిన కాగితం మీద నేను గీత గీసి ఇస్తే, మనవరాలు మొద్దు అంచుల కత్తెరతో ఆ గీత వెంబడి లోపలికి కత్తిరించుకుంటూ పోయింది. మధ్యలో దారం కట్టి ఎత్తితే అది సాగి, గాలికి మెల్లగా తిరుగుతుంది. అమెరికాలో రబ్బరు బెలూన్ల ప్యాకెట్ల మీద, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఊపిరాడక ప్రమాదం జరగవచ్చన్న హెచ్చరిక ఉండాలని చట్టమే ఉంది. పగిలిన బెలూను ముక్క గొంతుకు పొరలా అంటుకుంటుంది, వేలు పెట్టి తీద్దామన్నా రాదు.

నా విన్నపం ఇది. పిల్లల వంటల పేజీలో ప్రతి వంటకం పక్కనా అది ఏ వయసు నుంచి పెట్టవచ్చో, ఎంత ముక్కగా కోయాలో, గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ వంటివి దానిలో ఏమున్నాయో ఒక పంక్తి వేయించండి. ఫొటో తీసేవారికి కూడా ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేసి పళ్లెంలో పెట్టమని చెప్పండి, ఎందుకంటే ఇళ్లలో జనం రాసినదానికన్నా ఫొటో చూసే చేస్తారు. గత ఆదివారం వ్యాసానికి సవరణ మాత్రం వచ్చే ఆదివారమే, అదే పేజీలో, కనబడే చోట రావాలి. ఈ నెలలో పిల్లల పుట్టినరోజు ఉన్నవాళ్లు ఆ పేజీ ఇప్పటికే కత్తిరించి దాచుకుని ఉంటారు.

ఇట్లు,
ఒక నాలుగేళ్ల పాప తాతయ్య