ఆస్తి పన్ను రాయితీ – ఆదివారం కాలనీ సమావేశం

కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

మన మహబూబ్‌నగర్ నగరపాలక సంస్థకు ఈ ఏడాది చెల్లించవలసిన ఆస్తి పన్నును ఏప్రిల్ 30 లోపు పూర్తిగా కట్టినవారికి 5 శాతం రాయితీ లభిస్తుంది. పాత బకాయిలు ఉన్నవారు ముందుగా వాటిని తీర్చుకోవాలి. బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుందని మరువవద్దు.

ఆన్‌లైన్‌లో కట్టడం ఇబ్బందిగా ఉన్న పెద్దల కోసం ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాలులో మన యువకులు కూర్చుని, ఎవరి ఫోన్‌లో వారికే పన్ను కట్టించి రసీదు చూపిస్తారు. పాత రసీదు తప్పక తీసుకురండి, పన్ను కట్టడానికి కావలసిన మీ ఇంటి అసెస్‌మెంట్ నంబరు దానిపైనే ఉంటుంది. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి, మన పిల్లలకైనా సరే.

వానలు మొదలయ్యేలోపు మురుగు కాలువల పూడిక తీయించాలని కోరే వినతిపత్రంపై సంతకాలు కూడా అక్కడే సేకరిస్తాము. ఇంటికి ఒక్కరైనా రాగలరు.