నురగ గురించి చిన్నోడికి

అనంతపురం,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

నేను క్షేమంగా చేరాను. బెంగళూరులో ఎక్కిన బస్సు నాలుగున్నర గంటల్లో అనంతపురంలో దింపింది. నాయన స్కూటర్ మీద వచ్చి తీసుకొచ్చాడు. కాళ్లు కడుక్కుని, ఎనుములకు మేత వేసి, ఇదిగో కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే "సరేలేమ్మా, డ్యూటీలో ఉన్నా" అని పెట్టేస్తావు. నిన్న రాత్రి రూములో కూడా అంతే, గోడవైపు తిరిగి పడుకున్నావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు.

"ఇంక నేను పోటీలకు పోనమ్మా" అన్నావు చూడు, ఆ మాటకే ఇది రాస్తున్నా.

నిన్న ఆ కాఫీ షాపులో, కాఫీ మీద పాల నురగ పోసి బొమ్మలు వేసే ఆ పోటీలో, అంతమంది పిల్లల మధ్య నేనొక్కదాన్నే పెద్దదాన్ని. ఎవరో ఒక అమ్మాయి లేచి కుర్చీ ఇచ్చింది. ఏం జరుగుతోందో మొదట అర్థం కాలేదు, రెండు జతలు పోశాక తెలిసింది. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకేసారి పోస్తారు. ఎవరి కప్పో చెప్పకుండా రెండూ తెచ్చి ముగ్గురు జడ్జీల ముందు పెడతారు. ఒకటి, రెండు, మూడు అనగానే ముగ్గురూ ఒకేసారి వేలు చూపిస్తారు. ఎక్కువ వేళ్లు పడ్డ కప్పు ముందుకు పోతుంది, రెండోది అక్కడితో ఆగిపోతుంది. నాలుగు నెలలు నేర్చుకున్నది ఒక్క లెక్కలో తేలిపోతుంది. నాకే గుండె దడదడలాడింది, నిలబడి పోసే నీకు ఎంత టెన్షన్ ఉంటుందో!

మొదటి రౌండులో నువ్వు ట్యులిప్ పోశావు. ఒక తెల్లటి ముద్ద, దాన్ని తోసుకుంటూ ఇంకొకటి, దాన్ని తోసుకుంటూ మరొకటి. చివర సన్నటి ధారతో మధ్యలోంచి ఒక గీత లాగేసరికి పువ్వు అయింది. మూడు వేళ్లూ నీ కప్పు మీదికే వచ్చాయి. నేను చప్పట్లు కొడుతుంటే నువ్వు సిగ్గుపడి ఇటు చూడలేదు.

రెండో రౌండు సంగతే నీకు చెప్పాలి. నువ్వు ఆకు పోయాలనుకున్నావు, రోసెట్టా అంటారే, అది. పాలకు ఆవిరి పట్టి జగ్గు పక్కన పెట్టావు. ఎస్ప్రెస్సో, అదే మిషన్‌లో తీసే చిక్కటి డికాషన్, చూస్తే నీళ్లలాగా గబగబా దిగిపోయింది. అది పారబోసి మళ్లీ పొడి నింపి మళ్లీ తీశావు. అందరూ నీ చేతులు చూస్తున్నారు. నేను మాత్రం ఆ జగ్గునే చూస్తూ కూర్చున్నా. అదక్కడ ఊరికే ఉంది. పాలు ఊరికే ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. నురగ పైకి తేలి గట్టిపడుతుంది, పలుచటివి కిందికి దిగుతాయి. నువ్వు తొందరగా వచ్చి జగ్గు గిరగిరా తిప్పావు, రెండుసార్లు బల్ల మీద కొట్టావు. అప్పటికే విడిపోయాయి. పోస్తుంటే ముందు పలుచటి పాలు జారాయి, రేకులు ఒక్కొక్కటే పడాల్సిన చోట నురగంతా ఒక్కసారి దబ్బున పడింది. నా వెనకున్న పిల్లోడు "చెయ్యి వణికింది" అన్నాడు. వణకలేదు. అతనికి చెప్పాలని నోటిదాకా వచ్చింది, నీకు బాగుండదని ఆగాను.

నురగ సంగతి నాకు తెలుసురా. పద్దెనిమిదేళ్లు పాతూరులో ఇంటింటికీ పాలు పోశాను. తెల్లవారుజామున పాలు పిండుతుంటే, ఖాళీ బకెట్లో మొదటి ధారలు టంగుటంగుమని పడతాయి. పోనుపోను ధార నురగలోకి దిగి, ఆ చప్పుడు మెత్తబడి సుయ్‌సుయ్‌మంటుంది. కరెంటు లేకపోయినా ఆ చప్పుడును బట్టే ఎన్ని లీటర్లయ్యాయో చెప్పేదాన్ని. బకెట్‌కు ఏ మాత్రం జిడ్డున్నా నురగ నిలవదు, కూలిపోతుంది. అందుకే బూడిదతో రెండుసార్లు తోమేదాన్ని.

అయినా ఆ నురగ వల్లే నేను మాటలు పడ్డాను. ఏ గడప దగ్గరికి పోయినా "నురగ దిగనీ, అప్పుడు కొలువు" అనేవాళ్లు. ఒకావిడ నలుగురిలో "నురగ పోసి పాల డబ్బులు తీసుకుంటావా?" అంది. అప్పుడు నీకు ఐదేళ్లు, నా కొంగు పట్టుకుని పక్కనే నిలబడ్డావు. ఇల్లు చేరేదాకా నేను నోరు తెరవలేదు. ఆ రోజు నుంచీ ఎవరికీ కొసరు లేకుండా కొలత దించలేదు. నీకు గుర్తుందో లేదో.

అందుకే నువ్వు డిగ్రీ అయ్యాక బెంగళూరు పోయి, పాల నురగతో బొమ్మలు వేసే పని అని చెప్పినప్పుడు నా నోటి నుంచి ఒక్క మంచి మాట రాలేదు. నురగంటే నాకు మోసమనే వినిపించేది. దసరాకు వచ్చి రెండు లీటర్లు తీసుకుని, ఆ జల్లెడ కడ్డీ ఉన్న గాజు సామానులో చిలికి చిలికి పోస్తుంటే, "దూడ నోరు కొట్టి తెచ్చిన పాలు మోరీలో పోస్తావా" అని అరిచాను. నువ్వు ఎదురు మాట్లాడలేదు. మరుసటి రోజు చూస్తే జగ్గులో పాలు లేవు. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి నురగ చేసుకుని, పలుచటి డికాషన్ మీద పోసుకుంటున్నావు. పోయడం, కడగడం, మళ్లీ పోయడం. పెరట్లో తులసికోట పక్కన కూర్చుని మధ్యాహ్నమంతా అదే పని. సబ్బు నీళ్లలో నీ వేళ్లు ముడతలు పడిపోయాయి. నేను తలుపు దగ్గర నిలబడి చూసి లోపలికి వచ్చేశాను. అప్పుడే చెప్పాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నా: తప్పు నాదే నాయనా. ఆ రెండు లీటర్ల కోసం నీ మనసు కష్టపెట్టకుండా ఉండాల్సింది.

ఆ పండగప్పుడే కదా నాకు చెప్పావు, ఎత్తు నుంచి పోస్తే పాలు కాఫీ కిందికి దూరిపోతాయి, పైన రంగు చెదరదు. కప్పు సగం దాటాక జగ్గు మూతిని కాఫీకి ఆనేంత దగ్గరికి తెస్తేనే తెలుపు పైన తేలుతుంది అని. మన టీ బంకుల్లో ఎత్తు నుంచి తిరగబోసేవాళ్లను చూసిన కళ్లకు అది వింతగా అనిపించింది. నిన్న నీ చెయ్యి అలా కిందికి దిగుతుంటే నాకు ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది. మీ అవ్వ ఇచ్చిన ఇత్తడిది, ముక్కున్నది. నీకు ఆరో నెలలో దాంతోనే పాలు పట్టాను. పైనుంచి పోస్తే బిడ్డకు పొలమారుతుంది. ముక్కును పెదవికి ఆనించి, మణికట్టు కొంచెం కొంచెం వంచాలి, బిడ్డ మింగాక మళ్లీ వంచాలి. నువ్వూ అచ్చం అలాగే వంచావు. ఆ చేతికి ఏ లోపమూ లేదు, నేను దగ్గరగా చూశాను.

ఇంకొకటి నీకు తెలియదు. అందరూ గెలిచిన పిల్లాడి చుట్టూ ఫొటోలకు మూగినప్పుడు, కప్పులన్నీ బల్ల మీద వరుసగా చల్లారుతున్నాయి. నీ కప్పు నాకు తెలుసు, ముద్ద పడిందది. తీసుకుని తాగాను. మన ఇంట్లో పాలు పొంగితేగానీ ఎవరం నోట పెట్టం. నువ్వేమో అరవై, అరవై ఐదు డిగ్రీలు దాటనివ్వవు, దాటితే తీపి పోయి ఉడుకు వాసన వస్తుందంటావు. అందులో చక్కెర లేదు, తీపి ఉంది. కాఫీ చేదు ముందు తగిలి, వెనకాలే పాల తీపి వచ్చింది. నలభై ఏళ్లుగా పాలతోనే బతుకుతున్నాను, పాలకు ఇంత తీపి ఉందని నాకు విడిగా ఎప్పుడూ తెలియలేదు. నురగలో కంటికి కనిపించే బుడగ ఒక్కటి లేదు, మీగడలాగా జారిపోయింది. కప్పు అడుగు కనిపించేదాకా తాగాను. ఆ కప్పు చేతిలో ఉండగా నాకు ఆ పాతూరు గడప గుర్తొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది బాధతో కాదు.

"ట్రైనింగ్ తీసుకున్నవాళ్ల ముందు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ణి ఎంత" అన్నావు బస్టాండులో. సియాటిల్‌లో కాఫీ కొట్టు పెట్టిన ఆ డేవిడ్ షోమర్ సంగతి నాకు చెప్పింది నువ్వే కదా? ఇటలీలోని ఒక కాఫీ కొట్టు ఫొటో చూసి, ఆ ఆకు ఎలా పడిందో తనే పట్టుకున్నాడని, అది 1992 అని. ఆయనకు వీడియో కూడా లేదు. ఆ ఆకు ఇప్పుడు మన అనంతపురం పిల్లాడి చేతికి వచ్చింది. అది చిన్న విషయమని నాతో అనకు.

నాకు తోచింది ఒకటి చెప్తా, పనికొస్తే చూడు. ఎస్ప్రెస్సో పాడై మళ్లీ తీయాల్సి వస్తే, ఆ పాలను కూడా వదిలెయ్. కొత్త పాలు చల్లటివి పోసుకుని మళ్లీ ఆవిరి పట్టు. ఒకసారి విడిపోయిన నురగను ఎంత తిప్పినా మొదట్లాగా కలవదు. పాలు వృథా అవుతాయని నా అరుపు నీ చెవిలో మోగి ఆగావేమోనని దారంతా బస్సులో అదే ఆలోచన. అదే నిజమైతే ఆ అరుపు మర్చిపో. ఎన్ని జగ్గులైనా పారబొయ్.

నాయన నీకు డబ్బు పంపుతానంటున్నాడు, మిషన్ ఉన్నచోట వారానికి రెండు గంటలు ప్రాక్టీసుకు ఎంతవుతుందో కనుక్కో. చిన్న ఎనుము ఈ వారంలో ఈనేటట్టుంది, పొదుగు దిగింది. ఈనిన రోజే ఫోన్ చేస్తా. లీవు దొరికితే బయల్దేరి రా, జున్ను వండుతా, బెల్లం, మిరియాలు వేసి. పెద్ద ఎనుము పాలు సాయంత్రం పూటవి డెయిరీకి పోయకుండా నీకే ఉంచుతా. ఆ జగ్గు మర్చిపోకుండా తెచ్చుకో.

ఇట్లు
అమ్మ