శీనూ, నువ్వడిగిన ఆ చిన్న పెట్టె సంగతి

కూకట్‌పల్లి,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? గాజువాకలో మీ కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు రాలేకపోయానన్న బాధ ఇంకా పోలేదు. ఈసారి సెలవులకి తప్పకుండా వస్తాం.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "ఫ్యాన్ లేని చిన్న కంప్యూటర్ కొన్నావట, రౌటర్‌గా బాగా పనిచేస్తోందా, నేనూ తీసుకోనా" అని. అప్పుడు పెళ్లి వీడియోల ఎడిటింగ్ హడావుడిలో ఉండి రెండు ముక్కల్లో ముగించేశాను. తర్వాత మనసొప్పలేదు. నువ్వు డబ్బు పెట్టబోతున్నావు, పైగా ఇంటికి వైరింగ్ కూడా ఇప్పుడే చేయిస్తున్నావు. అందుకే నాలుగు నెలలుగా దాంతో నేను పడ్డ తిప్పలూ, చూసిన మంచీ అన్నీ కూర్చుని రాస్తున్నాను.

అసలు ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మా ఆవిడ, అదే మీ చెల్లెలు, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఆన్‌లైన్‌లో లెక్కల క్లాసులు చెప్తుందని తెలుసుగా. నేను ఎడిట్ చేసిన వీడియోలు క్లౌడ్‌కి ఎక్కించేది కూడా సరిగ్గా అప్పుడే. ఒక్కో పెళ్లికి 80 జీబీ దాకా అవుతుంది. ఒకేసారి నాలుగైదు ఫైళ్లు పెట్టేవాణ్ని. పెట్టిన రెండో నిమిషానికల్లా తన గొంతు పిల్లలకి ముక్కలు ముక్కలుగా వినపడేది. "మేడమ్, మళ్లీ చెప్పండి" అని ఒకటే గోల. స్పీడ్ చాలట్లేదనుకుని 300 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 1 జీబీపీఎస్‌కి మార్పించాను. బిల్లు పెరిగింది కానీ ఆ గోల తగ్గలేదు.

ఒకరోజు ల్యాప్‌టాప్‌లో 8.8.8.8కి (అది గూగుల్ సర్వర్) పింగ్ పెట్టి, అంటే ఒక బుల్లి సందేశం వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతోందో కొలుస్తూ, దాన్నే చూస్తూ కూర్చున్నాను. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు 6, 7 మిల్లీసెకన్లు. అప్‌లోడ్ మొదలవగానే 40, 90, 160... చూస్తుండగానే 200 దాటిపోయింది. అప్‌లోడ్ ఆపాను, మళ్లీ 7. అప్పుడు వెలిగింది. లైన్ బానే ఉంది, గుమ్మం దగ్గర క్యూ పేరుకుపోతోంది. నా వీడియో ముక్కలు, వాటినే ప్యాకెట్లంటారు, వేలకొద్దీ రౌటర్ మెమరీలో బారులు తీరి ఉంటే, తన గొంతు మోసుకెళ్లే బుల్లి ప్యాకెట్ వచ్చి అన్నిటి వెనకాల నిలబడుతోంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెట్టీస్ అనే ఇంజినీరు 2010లో తన ఇంటి లైన్‌లోనే ఈ జబ్బు కనిపెట్టి లోకానికి చెప్పాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ఇద్దరూ దీనికి కోడెల్ అనే మందు ఇచ్చారు. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు ఆగిందో గమనిస్తూ, ఆ ఆగడం మరీ ఎక్కువైతే కొన్నిటిని పారేసి, పంపేవాణ్ని నెమ్మదించమని హెచ్చరించడం దాని పద్ధతి. ఆ దారిలోనే కేక్ అని ఒకటి వచ్చి 2018లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 4.19 వెర్షన్లో చేరింది. అది ఇంకో మెట్టు పైన. తిరుమలలో చంటిపిల్లలతో వచ్చినవాళ్లకి వేరే దారి ఉంటుంది చూడు, అలా తక్కువ బరువుతో వచ్చిన ప్యాకెట్లని పెద్ద గుంపు వెనక ఇరుక్కోకుండా పంపేస్తుంది.

మరి పాత రౌటర్‌లోనే అది పెట్టొచ్చుగా అంటావు. పెట్టి చూశానురా. లినక్స్ మీద నడిచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి కేక్ ఆన్ చేశాను. గొంతు తెగడం ఆగింది, కానీ 930 రావాల్సిన స్పీడ్ 210కి పడిపోయింది. మామూలు ప్లాస్టిక్ రౌటర్లలో ప్రాసెసర్ బలం చాలా తక్కువ. ప్యాకెట్లని ప్రాసెసర్ దాకా రానివ్వకుండా అడ్డదారిలో పంపేసే ప్రత్యేకమైన సర్క్యూట్ ఒకటి ఉంటుంది, అట్టపెట్టె మీద రాసే స్పీడంతా దాని చలవే. క్యూని సర్దాలంటే మాత్రం ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ చేతుల్లోంచి వెళ్లాలి. అక్కడ దాని బలం బయటపడిపోతుంది. అందుకే ఈ పెట్టె కోసం వెతికాను.

పెట్టె అరచేతికన్నా కాస్త పెద్దది, బరువు కిలోకి దగ్గర్లో ఉంటుంది. పైమూతంతా అల్యూమినియం రెక్కలే. లోపల ఇంటెల్ ఎన్100, 2023 జనవరిలో వచ్చిన ప్రాసెసర్. నాలుగు కోర్లు, అంటే పని పంచుకునే నాలుగు భాగాలు, 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 6 వాట్ల తరగతి. వెనక నాలుగు 2.5 గిగాబిట్ పోర్టులు, అన్నీ ఇంటెల్ ఐ226-వీ నెట్‌వర్క్ చిప్పులవి. ఎక్కడైనా ఐ225 అని కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించు. ఆ చిప్పు మొదటి వెర్షన్లలో 2.5 గిగాబిట్ దగ్గర లోపం ఉండేది, తర్వాత ఇంటెల్లే సరిచేసింది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీతో కలిపి నాకు 18 వేల దాకా అయింది. వైఫై ఉండదు, ఇది గుర్తుపెట్టుకో. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకి చిరునామాలిచ్చే పని) ఆపేసి, దాన్ని వైఫై కోసం మాత్రమే వాడుతున్నాను.

వచ్చిన రోజు రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాను. పొద్దున లేచేసరికి ఒక్క తప్పూ లేదు. పెట్టెతో పాటు ఏదో సాఫ్ట్‌వేర్ ముందే వేసి పంపారు, దాన్ని పూర్తిగా తుడిచేసి నా చేత్తో నేను దించుకున్నదే వేశాను. ఇంటి గుమ్మంలో కాపలా ఉండే యంత్రంలో ఎవరో వేసిన సాఫ్ట్‌వేర్ ఎలా ఉంచుకుంటాంరా? నువ్వూ ఈ పని మాత్రం మానొద్దు.

ముందు ఇంట్లోనే రెండు కంప్యూటర్లు చెరో వైపు తగిలించి ఐపెర్ఫ్3 అనే స్పీడ్ కొలిచే ప్రోగ్రామ్‌తో కొలిచాను. 2.35 జీబీపీఎస్ వచ్చింది. 2.5 పోర్టులో హెడర్ల (ప్రతి ప్యాకెట్ మీదా ఉండే చిరునామా చీటీల) ఖర్చు పోగా వచ్చే అసలు మొత్తం అదే. ప్రాసెసర్‌కి చెమట కూడా పట్టలేదు. సంతోషపడిపోయి అసలు లైన్‌కి కలిపాను, అక్కడ మొదలైంది కథ.

మన దగ్గర చాలా ఫైబర్ లైన్లు పీపీపీఓఈ మీద నడుస్తాయి, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అయ్యే రకం. ముందు ఫైబర్ పెట్టెని, లాగిన్ పని మన రౌటర్‌కి వదిలేసే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడానికి మూడుసార్లు ఫోన్ చేయాల్సొచ్చింది, ఆ సంగతి వదిలెయ్. నేను మొదట ఓపీఎన్‌సెన్స్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ వేశాను, అది లినక్స్ మీద కాక ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. అందులో అన్నీ కంటికి ఇంపుగా, పద్ధతిగా ఉంటాయి. స్పీడ్ టెస్ట్‌లో 930 వచ్చింది. కానీ పక్కన ప్రాసెసర్ పనిని చూపించే టాప్ అనే కమాండ్ తెరిచి చూస్తే ఒక కోరు 90 శాతం దాటి ఆయాసపడుతోంది, మిగతా మూడూ దాదాపు ఖాళీ. క్యూ సర్దే షేపర్ ఆన్ చేయగానే 780కి దిగింది.

కారణం తెలిశాక నాకే ముచ్చటేసింది. నెట్‌వర్క్ కార్డు ప్రతి ప్యాకెట్ మీదా ఐపీ చిరునామా, పోర్టు నంబరు చదివి, దాన్నిబట్టి ఏ కోరుకి పంపాలో తేలుస్తుంది. పీపీపీఓఈలో ఆ చిరునామా ఇంకో కవరు లోపల ఉంటుంది. కార్డుకి పైకవరే కనపడుతుంది, అన్నిటి మీదా ఒకే ముద్ర. దాంతో అన్నీ ఒకే కోరు నెత్తిన పడతాయి. లినక్స్‌లో అయితే ప్యాకెట్ లోపలికొచ్చాక సాఫ్ట్‌వేరే కవరు విప్పి చూసి పనిని మళ్లీ పంచుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సెట్టింగ్స్‌లో ప్యాకెట్ స్టీరింగ్ అని ఉంటుంది, అది ఆన్ చేయాలి. ఒక శనివారం కూర్చుని అదే పెట్టెలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాను. నాలుగు కోర్లూ తలా కాస్తా పట్టుకున్నాయి. కేక్‌ని రెండు వైపులా 880 దగ్గర కట్టాను. లైన్ ఇచ్చేదానికన్నా కాస్త తక్కువకి కట్టాలి, అప్పుడే క్యూ మన పెట్టెలో, మన చేతిలో ఉంటుంది. లేకపోతే అది మనకి అందని చోట పేరుకుంటుంది.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం ఏడుంపావుకి, తను త్రికోణమితి చెప్తుండగా, మొత్తం 80 జీబీ ఒకేసారి పెట్టేశాను. గది తలుపు దగ్గర నిలబడి విన్నాను. సైన్ స్క్వేర్, కాస్ స్క్వేర్ అంటూ తను చెప్పుకుంటూ పోతోంది, అవతల పిల్లలు జవాబులు చెప్తున్నారు. ఒక్కరు కూడా "మళ్లీ చెప్పండి" అనలేదు. నా తెరమీద పింగ్ 10, 11, 9, 11. క్లాసు అయ్యాక తనే వచ్చి, "ఇవాళ అప్‌లోడ్ పెట్టలేదా?" అని అడిగింది. ఆ మాటతో నా నాలుగు వారాల శ్రమా తీరిపోయిందిరా.

ఇక వేడి. ఫ్యాన్ లేదంటే చప్పుడు లేదు, లోపలికి దుమ్ము పీల్చదు, అరిగిపోయే భాగం లేదు. మీ వైపు సముద్రపు గాలికి ఇది మరీ మంచిది, ఉప్పుగాలిని లోపలికి లాగి బోర్డు మీద కొట్టే ఫ్యాన్ ఉండదు కాబట్టి. కానీ వేడి బయటికి పోయే దారి ఒక్కటే: ప్రాసెసర్ నుంచి రాగి దిమ్మకి, దిమ్మ నుంచి మూతకి, మూత నుంచి గాలికి. ఆ దారిలో ఎక్కడ అతుకు సరిగా లేకపోయినా వేడి లోపలే ఉండిపోతుంది. ఫిబ్రవరిలో 61 డిగ్రీలు చూపించింది. ఏప్రిల్ చివర మధ్యాహ్నాలు 83. ప్రాసెసర్ 105 దాకా తట్టుకుంటుంది గానీ మూత మీద చెయ్యి పెట్టలేకపోయాను. నాకు టెన్షన్ పట్టుకుంది.

ఒక ఆదివారం దాన్ని విప్పాను. అడుగున నాలుగు మరలు, తర్వాత బోర్డుకి ఇంకో నాలుగు. పైకి తీసి చూస్తే రాగి దిమ్మకి పూసిన, వేడిని అవతలికి చేరవేసే పేస్టు ఒక మూలకే అంటుకుని ఉంది, తడిలేని సుద్దలా రాలుతోంది. మిగతా సగం రాగి అద్దంలా మెరుస్తోంది, అంటే అక్కడ అసలు ఏమీ తగల్లేదన్నమాట. స్పిరిట్‌తో రెండు వైపులా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి, మరలు ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించాను. మర్నాడు అదే ఎండలో 71. తర్వాత టీవీ కింద చెక్క అలమరలోంచి తీసి, గోడకి నిలువుగా తగిలించాను, రెక్కలు పైకీ కిందకీ ఉండేలా. వేడిగాలి రెక్కల మధ్య నుంచి తనంతట తనే పైకి పోతుంది కదా. ఇప్పుడు 66 దాటట్లేదు. నువ్వు ఫాల్స్ సీలింగ్‌లో పెట్టిస్తానన్నావే, ఆ ఆలోచన ఇవాళే మానుకో. తలుపులు మూసే అలమరా వద్దు.

ఇంకో సంగతి, ఇది బాగా బాధపెట్టింది. ఏప్రిల్‌లో నేను కరీంనగర్‌లో పెళ్లి షూటింగ్‌లో ఉండగా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. ఇన్వర్టర్ ఆ రోజు సర్వీసుకిచ్చాం. ప్లాస్టిక్ రౌటరైతే దానంతటదే లేచేది. ఇది కంప్యూటర్ కదా, ఎవరైనా బటన్ నొక్కేదాకా అలాగే పడుంది. ఏ బటనో ఫోన్లో చెప్తుంటే అమ్మకి అర్థం కాక, మీ చెల్లెలికి దొరక్క, ఆ సాయంత్రం క్లాసు పోయింది. పరీక్షల ముందు క్లాసు. ఇంటికొచ్చిన రాత్రే బయోస్‌లోకి (పెట్టె ఎలా ఆన్ అవ్వాలో చెప్పే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి, కరెంటు తిరిగి రాగానే ఆన్ అవ్వాలన్న సెట్టింగ్ పెట్టాను. కొన్న మొదటి గంటలోనే చేయాల్సిన పని అది. తర్వాత 12 వోల్టుల చిన్న యూపీఎస్ కూడా తెచ్చాను. అది కొనేటప్పుడు ఆంపియర్లు చూడు, 1 ఆంపియర్‌ది బూట్ అయ్యేటప్పుడే చేతులెత్తేస్తుంది, 3 ఆంపియర్లది తీసుకో. పిన్ కూడా కొలిచి కొను. బయట 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలుంటాయి.

కరెంటు ఖర్చు పెద్దగా లేదు. గోడ దగ్గర మీటరు పెట్టి చూస్తే 10 వాట్ల చుట్టుపక్కలే ఉంది, ఏడాదంతా నడిచినా 88 యూనిట్లు. పాత రౌటర్ వైఫై కోసం ఎలాగూ నడుస్తోంది కాబట్టి ఇది దానిపైన అదనమే.

ఇప్పుడు నీ సంగతి. నీది 200 ఎంబీపీఎస్ లైన్. దానికి ఈ పెట్టె అక్కర్లేదురా, నిజంగా చెప్తున్నా. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కే ఒక మంచి మామూలు రౌటర్ తీసుకుని కేక్ పెట్టుకుంటే 200 దాకా అదే లాగేస్తుంది. ఆ మిగిలిన డబ్బుతో ప్రతి గదికీ రెండేసి క్యాట్6 నెట్‌వర్క్ కేబుళ్లు లాగించు. గోడలు ఇప్పుడు తెరిచున్నాయి, రేపు మూసేశాక ఒక్కో కేబుల్‌కి గోడ కొట్టాల్సొస్తుంది. పైపు కూడా కాస్త లావుది వేయించు. రేపు గిగాబిట్‌కి మారతావనుకో, అప్పుడు ఈ పెట్టె కొందువుగాని, నేనే వచ్చి పేస్టు పూసి గోడకి తగిలిస్తాను. ట్యూబులో ఇంకా సగం ఉంది.

ఇవాళ రాత్రి పిల్లలు వీడియోలు చూస్తున్నప్పుడు పింగ్ పెట్టి, ఫోన్లోంచి ఏదైనా పెద్ద ఫైలు ఎక్కించు. ముందెంత, మధ్యలో ఎంత, రెండూ ఫోటో తీసి నాకు పంపు. కేక్‌ని ఎంత దగ్గర కట్టాలో చూసి చెప్తాను.

అమ్మగారికి నా నమస్కారాలు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ రఘు